మోటుపల్లి శిల, గోలకొండ ఫర్మానా: విశ్వవాణిజ్యపు షరతులు, ప్రజల భాష

ప్రపంచీకరణ అనే మాట తెలుగు పత్రికలలో 1990 తరువాతనే విరివిగా వాడుకలోకి వచ్చింది. కాని ఆ మాట సూచించే పరిస్థితి తెలుగు తీరానికి కొత్తది కాదు. దూరదేశాల నావలు రావడం, పరభాషలవారు వచ్చి స్థిరపడడం, ఇక్కడ నేసిన బట్టకు ఎక్కడో సముద్రాల కవతల గిరాకీ ఏర్పడడం, ఆ గిరాకీ పడిపోతే ఇక్కడి మగ్గం ఆగిపోవడం - ఇవన్నీ కృష్ణా డెల్టా ప్రజలు తరతరాలుగా ఎరిగిన అనుభవాలే.

ఈ అనుభవాన్ని చరిత్ర గ్రంథాలు సాధారణంగా రెండు విధాలుగా వివరిస్తాయి. ఏ సరుకు ఎటు పోయింది, ఎంత లాభం వచ్చింది అని లెక్కించేది మొదటి విధం. ఏ రాజు ఏ విదేశీయుని ఆదరించాడు, ఎవరిని వెళ్లగొట్టాడు అని చెప్పేది రెండవ విధం. ఈ రెంటి నడుమ మరుగున పడిపోయిన అంశం ఒకటి ఉన్నది. పరదేశ వాణిజ్యానికి సంబంధించిన షరతులను స్థానిక ప్రజలకు ఎవరు తెలియజేశారు? ఏ భాషలో తెలియజేశారు? నలుగురూ చూసే చోట ప్రకటించారా, లేక నాలుగు గోడల మధ్య కుదుర్చుకున్నారా? వివిధ జాతుల, మతాల, భాషల ప్రజలు ఒకేచోట బ్రతుకవలసి వచ్చినప్పుడు వారి మధ్య నమ్మకం నిలవడం, నిలవకపోవడం చాలామటుకు ఈ ప్రశ్నలకు దొరికే సమాధానాల మీదనే ఆధారపడి ఉండినదని తెలుగు తీరపు చరిత్ర చెబుతున్నది.

మోటుపల్లి అభయ శాసనం

ఈనాటి బాపట్ల జిల్లాలో సముద్రానికి సమీపాన ఉన్న మోటుపల్లి గ్రామం కాకతీయుల కాలంలో పేరెన్నికగన్న రేవు పట్టణం. పదమూడవ శతాబ్ది చివర ఈ తీరాన్ని గురించి వ్రాసిన వెనిస్ యాత్రికుడు మార్కో పోలో రేవు పేరునే రాజ్యానికంతటికీ వాడి, దానిని 'ముత్ఫిలి' అన్నాడు. ఇక్కడి సన్నని నూలుబట్టలను, వజ్రాలను, రాజ్యమేలుతున్న రాణి న్యాయబుద్ధిని అతడు మెచ్చుకున్నాడు. ఆ రాణి రుద్రమదేవి.

రుద్రమదేవి తండ్రి గణపతిదేవ చక్రవర్తి క్రీ.శ. 1244-45లో మోటుపల్లిలో వేయించిన శాసనానికి అభయ శాసనమని పేరు. వీరభద్రాలయంలోని స్తంభం మీద సంస్కృతాంధ్రాలలో చెక్కబడిన ఈ శాసనం ఒక పాత ఆచారాన్ని రద్దు చేసింది. ఒక దేశం నుండి మరొక దేశానికి పోతున్న ఓడ గాలివానకు చిక్కి, దిక్కు తప్పి ఒడ్డుకు కొట్టుకొని వస్తే, అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైనవన్నీ ఆ తీరాన్ని ఏలే రాజులు బలవంతంగా స్వాధీనం చేసుకునేవారు. ప్రాణాలతో బయటపడిన వర్తకునికి సరుకు మాత్రం మిగిలేది కాదు. అటువంటివారి నుండి నిర్ణీతమైన సుంకం తప్ప మరేమీ తీసుకొనబోమని గణపతిదేవుడు ప్రకటించాడు. ఎగుమతి దిగుమతులకు సుంకాన్ని ముప్ఫయ్యోవంతుగా నిర్ణయించాడు. గంధపుచెక్క, చీనా కర్పూరం, పన్నీరు, ముత్యాలు, పగడాలు, దంతం, పట్టు, మిరియాలు, వక్కలు మొదలైన వాటిపై సుంకాల వివరాలు కూడా ఆ శాసనంలోనే ఉన్నాయి.

ఇందులో గమనించదగిన విషయం దయాగుణం ఒక్కటే కాదు. చీనా నుండి గాని, అరబ్బు దేశాల నుండి గాని వచ్చిన నావికుడు ఆ స్తంభం మీది తెలుగును చదువలేడు. కనుక ఆ తెలుగు పాఠం ముఖ్యంగా రేవులో సుంకం వసూలు చేసే అధికారిని, సరుకు కొనే కోమటిని, దింపే కూలివానిని, ఊరి పెద్దలను ఉద్దేశించినదని అనుకోవాలి. పరదేశికి ఇచ్చిన మాటకు స్వదేశీయులను సాక్షులుగా నిలబెట్టడం అందులోని విశేషం. సుంకరి ముప్ఫయ్యోవంతుకు బదులు ఇరవయ్యోవంతు అడిగితే, అది తప్పని చెప్పగలిగినవారు ఊరిలోనే ఉంటారు.

కాకతీయ సామ్రాజ్యం 1323లో పతనమైన తరువాత రేవు కొంతకాలం దెబ్బతిన్నది. దానిని పునరుద్ధరించాలని సంకల్పించిన కొండవీటి అనపోతారెడ్డి 1358లో అదే మోటుపల్లిలో మరొక శాసనం వేయించాడు. ఈసారి సంస్కృతం, తెలుగులతో పాటు తమిళం కూడా చేరింది. దక్షిణాది వర్తక సంఘాల వారు ఆ రేవుతో వ్యాపారం చేస్తుండడమే ఇందుకు కారణమై ఉంటుంది. వచ్చి స్థిరపడదలచిన వర్తకులకు భూమి ఇస్తామని, కొడుకులు లేకుండా మరణించినవారి ఆస్తిని రాజు తీసుకునే అపుత్రిక దండాన్ని విడిచిపెడుతున్నామని ఆ శాసనం ప్రకటించింది. నూరేళ్ల వ్యవధిలో రాజవంశం మారింది గాని, షరతులను రేవులోనే, ప్రజల భాషలో చెప్పాలన్న పద్ధతి మాత్రం మారలేదు.

బహమనీ అనుభవం, గోలకొండ పాఠం

వివిధ జాతులవారు ఒక రాజ్యంలో చేరినంత మాత్రాన సామరస్యం దానంతటదే ఏర్పడదు. దక్కన్‌లో బహమనీ సుల్తానుల చరిత్ర ఇందుకు నిదర్శనం. ఇరాన్, ఇరాక్, తురాన్ ప్రాంతాల నుండి వచ్చిన ఆఫాకీలు ఒకవైపు, ముందే స్థిరపడిన దక్కనీలు మరొకవైపు చేరి ఆస్థానాన్ని రెండుగా చీల్చారు. ఇరువురూ ముస్లిములే అయినప్పటికీ భాష, పుట్టుక, పదవుల విషయంలో వారి మధ్య వైరం తీరలేదు. గీలాన్ నుండి వర్తకుడుగా వచ్చి ప్రధాని పదవికి ఎదిగిన మహమూద్ గవాన్ బీదరులో 1472లో గొప్ప మదరసాను నిర్మించాడు. రెండు వర్గాలకూ పదవులు సమంగా పంచాలని ప్రయత్నించాడు. చివరకు అతని ముద్ర వేసిన ఒక కూట లేఖను విరోధులు సుల్తానుకు చూపించగా, విచారణ లేకుండానే 1481లో అతనికి మరణశిక్ష అమలు జరిగింది. ఆస్థానంలో పుట్టి ఆస్థానంలోనే ముగిసిన ఆ వ్యవహారంలో లేఖలోని నిజానిజాలను పరీక్షించగలిగిన మూడవ పక్షం లేకపోయింది. ఆ తరువాత కొద్దికాలానికే బహమనీ రాజ్యం ముక్కలయింది.

ఆ ముక్కలలో ఒకటైన గోలకొండకు వచ్చిన పాలకులు కుతుబ్ షాహీలు. వారి రాజ్యంలో అధిక సంఖ్యాకులు తెలుగువారు. ఫారసీ రాజభాష. నగరంలో, సైన్యంలో దక్కనీ వాడుక. ఈ స్థితిలో ఇబ్రహీం కుతుబ్ షా (1550-1580) పాలన ఒక మలుపు అయింది. అన్న జంషీద్‌కు భయపడి గోలకొండ విడిచిన ఇబ్రహీం సుమారు ఏడేళ్లు విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో గడిపాడు. అక్కడ అతనికి తెలుగు సాహిత్యంతో పరిచయం ఏర్పడింది. సింహాసనం ఎక్కిన తరువాత తెలుగు కవులు అతనిని 'మల్కిభరాముడు' అని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని అతనికే అంకితమిచ్చాడు. పటాన్‌చెరువు ప్రాంతపు అధికారి అమీన్ ఖాన్‌కు పొన్నెగంటి తెలగనార్యుడు అంకితమిచ్చిన యయాతి చరిత్రము తొలి అచ్చతెలుగు కావ్యం. సంస్కృత పదాన్ని సైతం దరిచేరనీయని కావ్యానికి కృతిభర్త ఒక ముస్లిం సర్దారు కావడం యాదృచ్ఛికం కాదు. తెలుగును ఒక మతానికి చెందినదిగా కాక నేలకు చెందిన భాషగా చూసిన దృష్టి అందులో ఉన్నది.

అయితే దీనిని అతిగా కీర్తించడం కూడా సత్యదూరమే అవుతుంది. 1565లో రామరాయలపై దండెత్తిన సుల్తానుల కూటమిలో ఈ ఇబ్రహీం కూడా ఉన్నాడు. కావ్యాల మీది ప్రీతి యుద్ధాన్ని ఆపలేదు. కృతులు అందుకోవడం ఆస్థానానికి సంబంధించిన విషయం. దానికంటె ముఖ్యమైనది పరిపాలనలో జరిగింది.

కుతుబ్ షాహీల ఫర్మానాలలో అనేకం రెండు భాషలలో ఉన్నాయి. ఫారసీ పాఠంతో పాటు తెలుగు పాఠం కూడా ఒకే కాగితం మీద వ్రాయబడి ఉంటుంది. గ్రామాలలో లెక్కలు వ్రాసే కరణాలు, దేశపాండ్యాలు తెలుగువారు. భూమి ఇచ్చినా, పన్ను తగ్గించినా, తగవు తీర్చినా ఆ ఆజ్ఞ చివరకు అమలు జరగవలసినది వారి చేతుల మీదుగానే. ఖురాన్ ప్రతి ప్రవక్తా తన జాతి భాషలోనే బోధించాడని చెప్పడంలోని ఉద్దేశం సందేశం స్పష్టపడాలన్నదే. గోలకొండ దివాణం ఆ సూత్రాన్ని మనసులో ఉంచుకొని చేసినా, కేవలం పరిపాలనావసరం కొద్దీ చేసినా, ఫలితం ఒకటే. రాజు మాట గ్రామంలో మధ్యవర్తి లేకుండా చదువుకోవడానికి వీలు కలిగింది.

కుతుబ్ షాహీ రాజ్యంలో అస్తరాబాదు నుండి వచ్చిన మీర్ మొమిన్ పేష్వా కాగలిగాడు. అర్దిస్తాన్ నుండి వచ్చిన మహమ్మద్ సయీద్ మీర్ జుమ్లా అయ్యాడు. చివరి సుల్తాను అబుల్ హసన్ కాలంలో 1674లో తెలుగు బ్రాహ్మణుడైన మాదన్నకు రాజ్య వ్యవహారాలు దక్కాయి. ఈ నియామకాలను ఓర్వలేనివారు లేకపోలేదు. 1686లో అక్కన్న మాదన్నలు గోలకొండలో హత్యకు గురయ్యారు. మరుసటి ఏడు 1687లో గోలకొండ మొగలుల వశమయింది.

బందరు: సముద్రం మోసుకొచ్చిన లోకం

గోలకొండకు సముద్రద్వారం మచిలీపట్నం. 'బందరు' అనే మాటకు ఫారసీలో రేవు అని అర్థం. ఆ సామాన్యనామమే ఈ ఊరికి పేరుగా స్థిరపడడం దాని ప్రాముఖ్యాన్ని తెలియజేస్తుంది. పదహారవ శతాబ్ది చివరి నుండి సుమారు నూరేళ్లపాటు ఇక్కడి నుండి నావలు తూర్పున పెగూ, అరకాన్, తెనాసరిం, అచే వరకు, పడమట ఎర్ర సముద్రపు రేవులు, బందర్ అబ్బాసు వరకు పోయేవి. హజ్ యాత్రికులు ఎర్ర సముద్రం వైపు పోయే నావలనే ఎక్కేవారు. డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో, ఫ్రెంచివారు 1669లో ఇక్కడికి వచ్చి కోఠీలు పెట్టుకున్నారు. ఊరిలోని వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట అనే పేర్లు వారి జ్ఞాపకాన్ని ఈనాటికీ నిలుపుతున్నాయి. తెలుగువారు హాలండు వారిని వలందులని, ఫ్రెంచివారిని పరాసులని, పోర్చుగీసు వారిని బుడతకీచులని తమ నోటికి అనువుగా పిలుచుకున్నారు.

కలంకారీ ఈ సమ్మేళనంలో పుట్టిన పేరే. కలం, కారీ రెండూ ఫారసీ వ్యవహారంలోని మాటలు. పని మాత్రం తెలుగు అద్దకందారులది. కృష్ణా తీరపు నేలలో పెరిగే చిరివేరు నుండి తీసిన ఎరుపు రంగుకు ఎంతో గిరాకీ ఉండేది. 1618 నుండి 1622 వరకు మచిలీపట్నంలో ఉన్న ఇంగ్లీషు వర్తకుడు విలియం మెత్‌వల్డ్ తన గోలకొండ వృత్తాంతంలో ఈ వేరును గురించి ప్రత్యేకంగా వ్రాశాడు. ఇరాన్‌కు ఒక విధమైన నమూనా, జావా సుమత్రాలకు మరొక విధం, ఐరోపాకు ఇంకొక విధం - ఏ దేశం వారి అభిరుచికి తగినట్లు ఆ దేశానికి అద్దేవారు. ఎన్నడూ చూడని దేశాల అభిరుచులు పెడన, మచిలీపట్నం పనివారి చేతికి తెలిసి ఉండేవి.

భాషలోనూ ఇదే జరిగింది. షరతు, జామీను, బాకీ, వకీలు, తారీఖు, దళారి వంటి అరబ్బీ మూలపు మాటలు, రసీదు, ఖరీదు, బయానా వంటి ఫారసీ వాడుకలు రైతు నోట, నేతగాని నోట తెలుగు మాటలయిపోయాయి. గోలకొండలో 1651-52 ప్రాంతంలో (హిజ్రీ 1062) మహమ్మద్ హుసేన్ తబ్రేజీ 'బుర్హానె ఖాతె' అనే ప్రసిద్ధ ఫారసీ నిఘంటువును రచించి అబ్దుల్లా కుతుబ్ షాకు అంకితమిచ్చాడు. అది ఫారసీ చదివిన పండితులకోసం. తెలుగు ప్రజలు నిఘంటువు లేకుండానే ఫారసీ మాటలను తమవిగా చేసుకున్నారు. రెండు వందల ఏళ్ల తరువాత, 1854లో, సి.పి. బ్రౌన్ తెలుగులో వాడే అన్యదేశ్యాలకు ప్రత్యేకంగా ఒక నిఘంటువునే ప్రకటించవలసి వచ్చింది.

దుబాషీ చేతిలో షరతులు

పై మాటల పట్టికలో బాకీ, జామీను, బయానా, దళారి ఉండడం ఆలోచింపజేస్తుంది. ప్రజలు నేర్చుకున్న విదేశీ పదాలలో పెక్కు అప్పుకు, పూచీకి సంబంధించినవి. ఐరోపా కంపెనీలు బట్టను సంతలో కొనలేదు. దళారుల ద్వారా నేతగానికి ముందుగా బయానా ఇచ్చి, ఇంత గడువులో ఇన్ని తానులని కట్టడి చేసేవారు. కంపెనీ దొరకు తెలుగు రాదు. నేతగానికి డచ్చిగాని ఇంగ్లీషుగాని రాదు. ఇద్దరి మధ్య ఉన్నవాడు దుబాషీ. ద్విభాషి అనే గౌరవప్రదమైన సంస్కృత పదం నుండి వచ్చిన ఈ మాట క్రమంగా మధ్యవర్తికి, ఆ పైన ధనికునికి పర్యాయంగా మారింది.

దుబాషీలందరూ మోసగాళ్లనడం అన్యాయం. వారిలో సమర్థులు, ఉదారులు కూడా ఉన్నారు. అయితే వారు జీతం పుచ్చుకున్నది కంపెనీ నుండి. శాసనం చెక్కినవాని అనువాదాన్ని ఊరంతా చూడగలదు. ద్విభాషా ఫర్మానాలో తేడా ఉంటే ఫారసీ తెలిసినవారు, తెలుగు తెలిసినవారు పోల్చి చూడగలరు. దుబాషీ నోటిమాటను పోల్చి చూసే వీలు నేతగానికి లేదు.

షరతుల స్వభావంలో కూడా మార్పు వచ్చింది. మోటుపల్లిలో నిర్ణీత సుంకం అందరికీ ఒకటే. 1632లో అబ్దుల్లా కుతుబ్ షా ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చిన 'బంగారు ఫర్మానా' ప్రకారం సాలుకు 500 వరహాలు చెల్లిస్తే గోలకొండ రేవులన్నిటా వారు స్వేచ్ఛగా వ్యాపారం చేసుకోవచ్చు. వ్యాపారం పది రెట్లు పెరిగినా చెల్లింపు పెరగదు. అదే రేవులో స్థానిక వర్తకుడు మాత్రం సరుకు లెక్కన సుంకం కట్టవలసిందే. ఒక పక్షానికి ఇచ్చిన ఈ ప్రత్యేక హక్కు బహిరంగ నియమం స్థానాన్ని ఆక్రమించింది. ఆనాటి దివాణానికి వెంటనే చేతికందే సొమ్ము, సముద్రంపై కంపెనీ ఓడల స్నేహం ముఖ్యమయ్యాయి. దీని పర్యవసానం తెలియడానికి ఒక శతాబ్దం పైగా పట్టింది.

ఆ మధ్యకాలంలోనే 1630-32 నాటి మహాక్షామం వచ్చింది. కోరమండల్ తీరంలో కరువుకు తాళలేక అమ్ముడుపోయిన మనుషులను డచ్చివారు బానిసలుగా బటావియా తదితర స్థలాలకు ఓడలలో తరలించారు. బట్టలు పోయిన దారినే మనుషులు కూడా పోయారు. 1759లో మచిలీపట్నం ఇంగ్లీషువారి వశమయింది. 1765-66లలో ఉత్తర సర్కారులు వారికి సంక్రమించాయి. కొనుగోలుదారే ప్రభువైన తరువాత బయానా తీసుకోవడం నేతగాని ఇష్టాయిష్టాలకు సంబంధించిన విషయం కాకుండా పోయింది. పద్దెనిమిదవ శతాబ్ది చివర నేతగాళ్లు కుంఫిణీ గుమాస్తాలపై చేసుకున్న ఫిర్యాదులు ఆనాటి రికార్డులలో కనిపిస్తాయి. తరువాత లాంకషైర్ మిల్లుబట్ట రావడంతో ఆ ఫిర్యాదుల అవసరం కూడా తీరిపోయింది.

ఈనాటి ప్రశ్న

1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడింది. భారతదేశం దాని స్థాపక సభ్యులలో ఒకటి. దాని ఒప్పందాలకు ఇంగ్లీషు, ఫ్రెంచి, స్పానిష్ భాషలు అధికార భాషలు. తెలుగు మాట అటుంచి హిందీ, అరబ్బీ, చీనా భాషలకు కూడా అందులో స్థానం లేదు. భారత రాజ్యాంగ వ్యవస్థలో అంతర్జాతీయ ఒప్పందంపై సంతకం చేయడానికి పార్లమెంటు ముందస్తు అనుమతి తప్పనిసరి కాదు. జవుళి వ్యాపారంపై కోటాలు 2005 జనవరి 1న తొలగిపోయినప్పుడు ఆ మార్పు వల్ల ఎక్కువగా ప్రభావితులైన నేత కార్మికులలో ఎందరికి దాని షరతులు తమ భాషలో ముందుగా తెలిసి ఉంటాయన్నది ఆలోచించవలసిన విషయం. మచిలీపట్నం కలంకారీకి 2013లో భౌగోళిక గుర్తింపు లభించింది. అది సంతోషకరం. ఆ గుర్తింపు ఏ హక్కు ఇస్తుంది, నకలు అమ్మేవానిపై ఎక్కడ ఫిర్యాదు చేయాలి అన్నది అద్దకం బల్ల దగ్గర నిలబడ్డ పనివానికి అర్థమయ్యే తెలుగులో చెప్పినప్పుడే దానికి సార్థకత.

గణపతిదేవుడు గాని, ఇబ్రహీం కుతుబ్ షా గాని ప్రజలను సంప్రదించి సుంకాలు నిర్ణయించలేదు. వారు రాజులు. ఆజ్ఞాపించారు, ప్రజలు విన్నారు. అయినా విన్నది అర్థమయ్యే భాషలో ఉండాలన్న కనీస మర్యాదను వారి పాలన పాటించింది. ప్రజాస్వామ్యంలో ఆ మర్యాద చాలదు. ఒప్పందం కుదిరిన తరువాత తెలియజేయడం కాక, కుదరక ముందే తెలియజేసి ప్రజల అభిప్రాయం తీసుకోవడం అవసరం. అందుకు విశ్వవిద్యాలయాలు, పత్రికలు, మదరసాలు, చేనేత సహకార సంఘాలు, అన్నిటికీ మించి నమ్మదగిన అనువాదకులు కావాలి. వైవిధ్యం పట్ల భయం చాలావరకు అజ్ఞానం నుండి పుడుతుంది. పరదేశి ఏ షరతుపై వచ్చాడో తెలియనప్పుడు అతడు ప్రతివానికీ శత్రువుగానే కనిపిస్తాడు. షరతు తెలిసి, అది అందరికీ సమానమని తేలినప్పుడు అతడు వర్తకుడుగా, ఆ తరువాత పొరుగువాడుగా కనిపించడానికి అవకాశం ఉంటుంది.

మోటుపల్లి రేవు ఎన్నడో పూడిపోయింది. ఓడలు రావు, సుంకరులు లేరు. వీరభద్రాలయ స్తంభం మీది అక్షరాలు మాత్రం, పరదేశి దగ్గర ఎంత తీసుకోవాలో, ఎంతకు మించి తీసుకోకూడదో, తెలుగు చదువను వచ్చిన ఎవరికైనా ఇంకా చెబుతూనే ఉన్నాయి.